అదును తప్పిన గుంపు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో తేనెటీగల పెంపకం చరిత్ర

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• తేనెటీగల గుంపు బతుకుకూ పూల కాలానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఐరోపాలో రూపొందిన పెంపకపు పద్ధతులు దక్షిణ భారతదేశానికి వచ్చి ఎలా మారాయో చెప్పగలుగుతారు.
• నల్లమల చెంచుల తేనె సేకరణను, ప్రభుత్వ విధానాల చరిత్రతో కలిపి పరిశీలించగలుగుతారు.
• ఒక సాంకేతిక సలహాను చరిత్ర విద్యార్థిగా ఎలా చదవాలో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

కొనకనమిట్ల మండలం పశ్చిమ ప్రకాశంలో పొదిలికీ మార్కాపురానికీ నడుమ ఉన్న మెట్ట ప్రాంతం. ఇక్కడి రైతుకు ‘అదును’ అనే మాటను విడమరచి చెప్పనక్కరలేదు. పదును ఆరకముందే విత్తనం పడితే పంట. పది రోజులు ఆలస్యమైతే అదే విత్తనం, అదే నేల, అదే శ్రమ. చేతికి వచ్చేది మాత్రం గడ్డి. తేనెటీగల బతుకు కూడా అదునుతోనే ముడిపడి ఉంది. పూల కాలం మొదట్లో విడివడిన గుంపు నిలదొక్కుకుంటుంది. పూల కాలం ముగియవచ్చే వేళ విడివడిన గుంపు, బయటివారి సాయం లేకపోతే, చాలాసార్లు నశిస్తుంది లేదా ఆ చోటు విడిచి వెళ్లిపోతుంది.

ఆలస్యంగా వచ్చిన గుంపును గడ్డుకాలం దాటించడం ఎలా అనేది తేనెటీగల పెంపకంలో చాలా పాత ప్రశ్న. ఐరోపా, ఉత్తర అమెరికా గ్రంథాలలో ఈ ప్రశ్న ఎప్పుడూ ఒకే రూపంలో కనిపిస్తుంది: గుంపు చలికాలాన్ని ఎలా దాటుతుంది? మన ప్రాంతంలో ఆ ప్రశ్నను అదే రూపంలో అడిగితే సమాధానం తప్పుదారి పడుతుంది. ఎందుకంటే ఇక్కడ చలికాలం ఈగలకు కలిమి కాలం, ఎండాకాలం లేమి కాలం. ఈ తేడాను గుర్తించడానికి పెంపకందారులకు, ప్రభుత్వ శాఖలకు, పరిశోధకులకు ఎంత కాలం పట్టిందో చెప్పేదే దక్షిణ భారత తేనెటీగల పెంపకం చరిత్ర. ఆ చరిత్రను ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. గుంపుకు అదును ఎందుకు?

తల్లి పట్టును విడిచి, కొత్త చోటు వెతుక్కుంటూ బయలుదేరిన ఈగల సమూహాన్ని ‘గుంపు’ అంటాం. పట్టులో ఈగలు కిక్కిరిసినప్పుడు కూలి ఈగలు కొత్త రాణి కోసం ప్రత్యేకమైన గదులు కడతాయి. ఆ రాణి బయటికి రాకముందే పాత రాణి కొన్ని వేల కూలి ఈగలతో వెళ్లిపోతుంది. ఇది తొలి గుంపు. ఆ తరువాత కొత్త రాణులతో చిన్న చిన్న మలి గుంపులు కూడా విడిపోవచ్చు. మలి గుంపులోని రాణి ఇంకా పోతుటీగలతో కలవలేదు కాబట్టి, అది గుడ్లు పెట్టడానికి మరికొన్ని రోజులు ఆలస్యమవుతుంది.

గుంపు వెంట తెచ్చుకునేది కడుపులో నింపుకున్న తేనె మాత్రమే. కొత్త చోట మొదట మైనపు గదులు కట్టాలి. కిలో మైనం తయారు కావడానికి ఆరు నుండి ఎనిమిది కిలోల తేనె ఖర్చవుతుందని సాధారణంగా అంచనా వేస్తారు. గది కట్టిన తరువాత రాణి గుడ్డు పెడుతుంది. గుడ్డు కూలి ఈగగా మారడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. పుట్టిన ఈగ మొదటి రెండు మూడు వారాలు పట్టులోనే ఉండి పిల్లలను సాకడం, గదులు కట్టడం వంటి ఇంటి పనులు చేసి, ఆ తరువాతే పూల మీదికి వెళుతుంది. అంటే గుంపు దిగిన నాటి నుండి దాని సొంత సంతానం మేతకు వెళ్లడానికి ఐదారు వారాలు కావాలి. పని కాలంలో కూలి ఈగ ఆయుష్షు కూడా సుమారు ఆరు వారాలే. కాబట్టి ఈ ఐదారు వారాల్లో గుంపులోని పాత ఈగలు రోజు రోజుకూ తగ్గిపోతూ ఉంటాయి.

ఇక్కడే అదును తేలుతుంది. గుంపు దిగిన తరువాత ఆరు వారాలకు మించి పూలు ఉంటే, తగ్గిన సంఖ్య మళ్లీ పెరుగుతుంది, నిల్వ కూడుతుంది. పూలు అంతకు ముందే ఆగిపోతే, ఈగలూ తక్కువ, తేనే తక్కువ అయిన స్థితిలో గుంపు గడ్డుకాలంలో అడుగుపెడుతుంది. ఈ లెక్క ఇంగ్లండుకైనా కొనకనమిట్లకైనా ఒకటే. ఆ గడ్డుకాలం ఏ నెలలో వస్తుంది, ఏ రూపంలో వస్తుంది అనేదే చోటును బట్టి మారుతుంది.

3. ఐరోపా అనుభవం: గంధకపు పొగ నుండి కదిలే చట్రం వరకు

ఐరోపాలో పెంచే తేనెటీగ చలికాలంలో గుంపుగా ముద్దకట్టి, కండరాలను కదిలిస్తూ వేడి పుట్టించుకుంటుంది. దానికి ఇంధనం తేనె. చలి తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో ఒక పట్టుకు పదిహేను, ఇరవై కిలోల తేనె లేదా అంతకు మించి నిల్వ కావాలి. ఆలస్యంగా వచ్చిన గుంపుకు అంత నిల్వ కూడదు.

పెట్టెలు రాకముందు అక్కడి గ్రామీణులు గడ్డితో అల్లిన బుట్టల్లో ఈగలను ఉంచేవారు. బుట్టలోని మైనపు పలకలు గోడలకు అంటుకొని ఉండేవి. వాటిని కోయకుండా తేనె తీయడం సాధ్యం కాదు. అందువల్ల పూల కాలం ముగిశాక రైతు తన బుట్టలను ఎత్తి బరువు చూసేవాడు. మిక్కిలి బరువైన వాటిని తేనె కోసం, మిక్కిలి తేలికైన వాటిని ఎలాగూ చలికాలం దాటవని, గంధకపు పొగ పెట్టి చంపేవాడు. నడిమి బరువు బుట్టలను మరుసటి ఏడాదికి ఉంచేవాడు. ఆలస్యపు గుంపులు సాధారణంగా తేలిక బుట్టల్లోనే ఉండేవి. పెంపకందారు క్రూరుడు కావడం దీనికి కారణం కాదు. లోపల ఏముందో చూడగలిగే సాధనం అతని చేతిలో లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ స్థితి మారింది. ఇంగ్లండులో కొందరు చంపబోయే బుట్టల పక్కలను చేతులతో దరువు వేసినట్టు తట్టి, ఈగలను పైన పెట్టిన ఖాళీ బుట్టలోకి ఎక్కించేవారు. అలా పోగైన ఈగలను బలహీనమైన పట్లకు కలిపేవారు. 1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కదిలే చట్రాల పెట్టెకు పేటెంటు పొందాడు. ఈగలు తమ రాకపోకలకు సుమారు తొమ్మిది మిల్లీమీటర్ల లోపు సందును వదిలివేస్తాయనీ, అంతకంటే ఎక్కువ ఖాళీ ఉంటే అక్కడ మైనం కడతాయనీ ఆయన గమనించాడు. ఆ కొలతతో చట్రాలు అమర్చితే అవి గోడలకు అంటుకోవు. 1857లో మైనపు పునాది రేకు, 1865లో తేనె తీసే తిరుగుడు యంత్రం వచ్చాయి.

ఈ సాధనాలతో బలహీనమైన గుంపును చంపక తప్పని స్థితి పోయింది. చట్రం పైకి తీసి నిల్వ ఎంతుందో చూడవచ్చు. బలమైన పట్టు నుండి పిల్లల చట్రం ఒకటి తెచ్చి ఇవ్వవచ్చు. రెండు బలహీన గుంపులను కలపవచ్చు. చక్కెర పాకం పెట్టవచ్చు. ఈ సలహాలన్నీ చలికాలాన్ని దృష్టిలో ఉంచుకొని రాసినవే అని ఇక్కడ గమనించాలి.

4. పశ్చిమ ప్రకాశంలో ఈగల పంచాంగం

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. నల్లమల, వెలిగొండ కొండల నీడలో ఉన్న ఈ మెట్ట నేలలకు నైరుతి వానలు పలచగానే అందుతాయి. భాద్రపదం నుండి కార్తీకం వరకు పడే వానలే ఎక్కువ ఆసరా. పూల కాలం ఈ వానలను అనుసరించి నడుస్తుంది.

వానలతో పాటు గట్ల మీద రేగు పూస్తుంది. తరువాత కుంకుడు. కార్తీక, మార్గశిర మాసాల్లో కంది చేలు పసుపు పచ్చగా మారతాయి. నీటి వసతి ఉన్న చోట పొద్దుతిరుగుడు, నువ్వు పూతకు వస్తాయి. మాఘ, ఫాల్గుణాల్లో అడవిలో మోదుగ ఎర్రబడుతుంది. ఉగాది నాటికి వేప పూత, దాని వెనుకనే కానుగ. ఇంగ్లండులో ఈగలు ముద్దకట్టుకొని ఉండే నెలల్లో మన ఈగలు తేనె కూర్చుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ, గుంపులుగా విడిపోతూ ఉంటాయి.

వేప, కానుగ పూత రాలిన తరువాత లేమి మొదలవుతుంది. పూలు పూర్తిగా లేకుండా పోవు. తొలకరి వేళకు చింత పూస్తుంది. అయినా ఎండ, వడగాలి, నీటి కొరత కలిసి ఈగల సంపాదన కంటే ఖర్చును పెంచుతాయి. పట్టులో పిల్లలున్న భాగం 34, 35 డిగ్రీల వేడిలో ఉండాలి. బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు ఈగలు నీళ్లు తెచ్చి గదుల మీద చల్లి, రెక్కలతో విసరి చల్లబరుస్తాయి. చలి దేశంలో ఈగ వేడి పుట్టించడానికి తేనె ఖర్చు చేస్తే, ఇక్కడి ఈగ వేడి తగ్గించడానికి శ్రమను, నీటిని ఖర్చు చేస్తుంది.

ఒక లెక్క వేసి చూడండి. ఏప్రిల్ నడుమ ఒక గుంపు చెట్టు తొర్రలో దిగిందనుకుందాం. దాని తొలి సంతానం మేతకు వెళ్లేది మే చివరి వారంలో, అంటే రోళ్లు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తెలో. అప్పటికి వేప, కానుగ పూత ముగిసి ఉంటుంది. ఇదే మన ప్రాంతపు ఆలస్యపు గుంపు. అదే గుంపు కార్తీకంలో దిగి ఉంటే దాని ముందు నాలుగైదు నెలల పూల కాలం ఉండేది.

ఈ పంచాంగానికి తగినట్టే ఇక్కడి ఈగల స్వభావం కూడా ఏర్పడింది. కొండచరియలకూ ఎత్తైన చెట్లకూ ఒకే పెద్ద పలకగా పట్టు పెట్టే కొండ తేనెటీగ, కాలాన్ని బట్టి ఒక చోటి నుండి మరో చోటికి వలస పోతుంది. పొదల్లో చిన్న పట్టు పెట్టే జుంటీగ కూడా తరచు చోటు మారుస్తుంది. తొర్రల్లో, పుట్టల్లో అనేక పలకలు కట్టే పుట్ట తేనెటీగ, అంటే మన దేశపు పెంపుడు ఈగ, మేత తగ్గినా చీమలు, మైనపు పురుగులు బాధించినా గూడు వదిలి లేచిపోతుంది. ఐరోపా దృష్టితో చూసిన తొలి రచనల్లో దీనిని ఒక లోపంగా పరిగణించారు. ఎక్కువ నిల్వ పెట్టుకొని కదలకుండా ఉండటం చలి దేశంలో బతికే మార్గం. పూలున్న చోటికి కదిలిపోవడం వాన దేశంలో బతికే మార్గం.

5. భారతదేశానికి వచ్చిన పెట్టె

మన దేశంలో చట్రాల పెట్టెతో తేనెటీగలను పెంచే ప్రయత్నాలు 1880ల్లో బెంగాల్‌లోనూ, తరువాత పంజాబులోనూ జరిగాయి. తంతి తపాలా శాఖలో పనిచేసిన డగ్లస్ 1884లో భారతదేశపు తేనెటీగల పెంపకంపై ఇంగ్లీషులో ఒక చేతిపుస్తకం ప్రచురించాడు. ఐరోపా ఈగలను తెప్పించి పెంచాలన్న తొలి ప్రయత్నాలు నిలవలేదు.

దక్షిణాదిలో మలుపు 1911 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో వచ్చింది. అక్కడి సెయింట్ జోసెఫ్ కళాశాలకు చెందిన ఫాదర్ న్యూటన్ అనే జెసూట్ గురువు పుట్ట తేనెటీగకు తగిన చిన్న పెట్టెను రూపొందించి, ఆ పెట్టెతో స్థానికులకు శిక్షణ ఇచ్చాడు. లాంగ్‌స్ట్రాత్ పెట్టెలోని పిల్లల గదిలో పది చట్రాలుంటాయి, ఒక్కొక్కటి సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల ఎత్తు. న్యూటన్ పెట్టెలో ఏడు చట్రాలు, ఒక్కొక్కటి సుమారు 21 సెంటీమీటర్ల పొడవు, పద్నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు. మొత్తం పలకల విస్తీర్ణం లెక్కిస్తే న్యూటన్ పెట్టె లాంగ్‌స్ట్రాత్ పెట్టెలో సుమారు ఐదో వంతు మాత్రమే.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? చిన్న గుంపును పెద్ద పెట్టెలో పెడితే ఖాళీ పలకలకు కాపలా ఉండదు. అక్కడ మైనపు పురుగు చేరుతుంది. గుంపు లేచిపోతుంది. ఇల్లు కుటుంబానికి సరిపడా ఉంటే ఈగలు దానిని కాపాడుకోగలవు. న్యూటన్ ఈగను మార్చాలని చూడలేదు, పెట్టెను మార్చాడు. దక్షిణాదిలో పెంపకం నిలదొక్కుకోవడానికి ఇది ప్రధానమైన కారణాలలో ఒకటి.

ఆ తరువాత తిరువాన్కూరు 1917లో, మైసూరు 1925లో ఈ పనిని చేపట్టాయి. మార్తాండంలోని వై.ఎం.సి.ఏ. గ్రామ పునర్నిర్మాణ కేంద్రంలో స్పెన్సర్ హాచ్ ఆధ్వర్యంలో తేనెటీగల పెంపకం కుటీర పరిశ్రమగా వ్యాపించింది. 1928లో వ్యవసాయంపై రాయల్ కమిషన్ దీనిని ప్రోత్సహించాలని సూచించింది. మద్రాసు రాష్ట్రంలో 1931లో పని మొదలైంది. అప్పటికి నేటి పశ్చిమ ప్రకాశం మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో భాగమన్నది గుర్తుంచుకోండి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది.

1934లో గాంధీజీ ప్రేరణతో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం తేనెటీగల పెంపకాన్ని కూడా తన కార్యక్రమంలో చేర్చుకుంది. పట్టును పిండి పిల్లలను చంపకుండా తేనె తీయడం అహింసకు అనుగుణమైన పరిశ్రమ అన్న భావం దీని వెనుక ఉంది. స్వాతంత్ర్యానంతరం ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఈ బాధ్యత తీసుకుంది. 1962లో పుణేలో కేంద్ర తేనెటీగల పరిశోధన సంస్థ ఏర్పడింది. అదే సంవత్సరం నాటి పంజాబులోని నగ్రోటా బగ్వాన్‌లో ఐరోపా ఈగను నిలబెట్టే ప్రయత్నం మొదలై సఫలమైంది. పంజాబు మైదానాల్లో చలికాలంలో ఆవాలు విస్తారంగా పూస్తాయి. ఈగకు కావలసింది చలి లేకపోవడమే కాదు, ఆ వేళకు పూలు ఉండటం అని ఈ విజయం కూడా చెబుతున్నది.

6. నల్లమల చెంచులు: ప్రభుత్వ పత్రాలలో కనిపించని పంచాంగం

పెట్టెలు రావడానికి చాలా ముందు నుండే ఈ ప్రాంతంలో తేనె జీవనాధారం. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమల చెంచులు కొండచరియల నుండి తీగలతో పేనిన తాళ్ల మీద దిగి, పొగ పెట్టి, కొండ తేనె తీసేవారు. ప్రాణం తాడు మీద ఆధారపడే పని ఇది. ఎవరు తాడు పట్టుకోవాలి, ఎవరు దిగాలి అనేది బంధుత్వాన్ని బట్టి తేల్చుకునేవారు. బావమరిది తాడు పట్టుకుంటే తన అక్కచెల్లెలి పసుపు కుంకుమల కోసమైనా వదలడని నల్లమలలో చెప్పుకుంటారు.

కొండ తేనెటీగ పట్టులో తేనె పైభాగాన ఒక మూల మందంగా ఉంటుంది. పిల్లలు కింది భాగంలో ఉంటారు. తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోస్తే పట్టు బతుకుతుంది. మొత్తం కోస్తే ఆ ఏడాది సంతానం పోతుంది. ఎక్కడ ఎంత కోయాలి, ఏ చరియకు ఈగలు ఏ కాలంలో వస్తాయి అనే జ్ఞానం చెంచులకు ఉంది. అయితే అందరూ ఎల్లవేళలా పట్టును కాపాడుతూనే కోశారని చెప్పడం చరిత్ర కాదు. ఆకలి, అప్పు, పోటీ ఉన్నప్పుడు కోత తీరు మారుతుంది. జ్ఞానం ఉండటం ఒకటి, దానిని పాటించే పరిస్థితి ఉండటం మరొకటి.

ఆ పరిస్థితిని ప్రభుత్వ విధానాలు మార్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వులయ్యాయి. తేనె, మైనం అడవి నుండి వచ్చే ఆదాయపు పద్దుల్లో చేరాయి. అటువంటి పత్రాల్లో ఎంత తేనె వచ్చింది, ఎంత సొమ్ము వచ్చింది అనేది తెలుస్తుంది. ఎన్ని పట్లు మళ్లీ నిలబడ్డాయి అనేది తెలియదు. 1940లో హైదరాబాదు రాష్ట్రం వైపు నల్లమలలో చెంచుల మధ్య పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ 1943లో వారిపై గ్రంథం ప్రచురించాడు. అది మనుషుల బతుకును చూపిస్తుంది, కానీ అది కొన్ని నెలల పరిశీలన. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి తేనెను కొనసాగింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో పేర్కొని, వాటిపై అడవి బిడ్డల హక్కును గుర్తించింది. తాను కోసిన చరియకే మరుసటి ఏడాది కూడా తాను రాగలనన్న భరోసా ఉన్నవాడికే పట్టులో కొంత వదలడం లాభసాటి. ఆ భరోసా లేనప్పుడు మొత్తం కోయడమే తెలివిగా కనిపిస్తుంది. ఈగల క్షేమం హక్కుల ప్రశ్నతో ఎలా ముడిపడిందో ఇక్కడ చూడవచ్చు.

7. 1991-92 విపత్తు

థాయి సంచి పిల్ల రోగం అనే వైరస్ వ్యాధి 1976లో థాయిలాండులో గుర్తించబడింది. 1978 నాటికి ఈశాన్య భారతదేశానికి చేరింది. 1991-92లో దక్షిణాదిలో విజృంభించి కేరళ, కర్ణాటక ప్రాంతాల్లో పుట్ట తేనెటీగల గూళ్లను నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. రోగం సోకిన పిల్ల పురుగు నీటి సంచిలా ఉబ్బి గదిలోనే చనిపోతుంది. దీనికి మందు లేదు. చాలామంది ఐరోపా ఈగ వైపు మళ్లారు. రోగాన్ని తట్టుకొని మిగిలిన గూళ్ల నుండే మళ్లీ పుట్ట తేనెటీగల పెంపకం సాగింది.

ఈ ఘటన మన అంశానికి ఎందుకు అవసరం? పెట్టెల్లోని ఈగలు నశించినప్పుడు మళ్లీ విత్తనంగా నిలిచేవి బతికి బయటపడ్డ గూళ్లు, అడవుల్లో, తొర్రల్లో తమంతట తాము బతికే గూళ్లు. అందువల్ల ఒక చిన్న గుంపును కాపాడటం తేనె లెక్కలో చాలా స్వల్పమైన పని అయినా, విత్తనపు లెక్కలో స్వల్పమైనది కాదు.

8. అదును తప్పిన గుంపును నిలబెట్టే పద్ధతులు

ఐరోపా నుండి వచ్చిన పద్ధతులూ ఇక్కడి అనుభవమూ కలిసి నేడు ఈ క్రింది పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

(అ) కలపడం: రెండు బలహీన గుంపులను విడివిడిగా ఉంచితే రెండూ పోవచ్చు. ఒక రాణిని తీసివేసి, నడుమ సూదితో బెజ్జాలు పెట్టిన కాగితం ఉంచి, ఒక పెట్టె మీద మరొకటి పెడతారు. ఈగలు కాగితాన్ని కొరికి బయటికి తోసే లోపల రెండు గుంపుల వాసన ఒకటవుతుంది. చలి దేశంలో ఈ పని చలికాలానికి ముందు చేస్తే, ఇక్కడ వేప పూత ముగిసేలోపు చేయాలి.

(ఆ) మేపడం: చక్కెర, నీరు సమపాళ్లలో కలిపిన పాకాన్ని సాయంత్రం వేళ పెట్టె లోపలే ఉంచాలి. పగలు పెట్టినా, బయట ఒలికినా ఇతర పట్ల ఈగలు దోపిడీకి దిగుతాయి. పాకం ఈగల ప్రాణం నిలపడానికే. దానితో నిండిన గదులను తేనెగా అమ్మకూడదు.

(ఇ) ఇంటిని కుదించడం: ఈగలు కప్పలేని పలకలను తీసివేయాలి. ద్వారం చిన్నది చేయాలి. పెట్టె కాళ్లను నీటి గిన్నెల్లో ఉంచితే చీమలు ఎక్కవు.

(ఈ) నీడ, నీరు: ఐరోపా పుస్తకం పెట్టెకు ఎండ తగలాలని, చలిగాలి తగలకూడదని చెబుతుంది. ఇక్కడ చింత, కానుగ నీడ కావాలి, పెట్టె పైన తడి గోనెపట్టా కావాలి, దగ్గరలో నీరు కావాలి. గిన్నెలో గులకరాళ్లు వేస్తే ఈగలు మునిగిపోకుండా నీరు తాగుతాయి.

(ఉ) పిల్లల చట్రం ఇవ్వడం: బలమైన పట్టు నుండి మూతలు పడిన పిల్లలున్న చట్రం ఒకటి ఇస్తే, కొద్ది రోజుల్లోనే కొత్త ఈగలు పుడతాయి. రెండో అంశంలో చెప్పుకున్న ఐదారు వారాల లోటు చాలావరకు తగ్గుతుంది. పిల్లలను వదిలి పుట్ట తేనెటీగ తొందరగా లేచిపోదు. అయితే రోగం లేని పట్టు నుండే చట్రం తీయాలి.

కలపడం, మేపడం, కుదించడం అనే పద్ధతులు ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. వాటిని చేసే నెల మారుతుంది. నాలుగో పద్ధతి పూర్తిగా తలకిందులవుతుంది. ఇదే ఈ భాగంలోని ముఖ్యాంశం. గుంపును చంపేది చలి అని నమ్మితే మనం డిసెంబరులో జాగ్రత్తపడి ఏప్రిల్‌లో ఊరుకుంటాం. చంపేది పూలు లేని కాలం అని గ్రహిస్తే ఏప్రిల్‌లోనే మేలుకొంటాం.

9. నేటి పథకాలు – చరిత్ర ఇచ్చే హెచ్చరిక

2017లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ తేనె మిషన్‌ను, 2020లో కేంద్ర ప్రభుత్వం జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రారంభించాయి. రెండో పథకానికి మూడేళ్లకు 500 కోట్ల రూపాయలు కేటాయించారు. కంది, పొద్దుతిరుగుడు, నువ్వు వంటి పంటలకు ఈగల రాకపోకలు దిగుబడి పెంచుతాయి కాబట్టి మెట్ట ప్రాంతాలకు ఇటువంటి పథకాలు అవసరమే.

అయితే పథకం నడిచేది ఆర్థిక సంవత్సరం ప్రకారం. ఈగలు నడిచేది పూల సంవత్సరం ప్రకారం. మార్చి నెలాఖరులోపు ఖర్చు చూపాలని పెట్టెలు పంచితే, లబ్ధిదారు చేతికి వచ్చేది అదును తప్పిన గుంపే. రెండు నెలల్లో పెట్టె ఖాళీ అయితే అతడు తనకు ఈ పని చేతకాదనుకుంటాడు. లెక్కల్లో పెట్టెల సంఖ్య నమోదవుతుంది, ఖాళీ పెట్టెల సంఖ్య నమోదు కాదు. అదే పెట్టెను భాద్రపద, ఆశ్వయుజాల్లో ఇస్తే నేర్చుకోవడానికి అతనికి పూర్తి పూల కాలం దొరుకుతుంది. ఐరోపా ఈగలను తెచ్చిన 1880ల నాటి ప్రయత్నాలకూ, ఈగను బట్టి పెట్టెను మార్చిన 1911 నాటి ప్రయత్నానికీ ఉన్న తేడాను ఇక్కడ గుర్తుచేసుకోండి.

10. సారాంశం

తేనెటీగల గుంపు కొత్త చోట నిలదొక్కుకోవడానికి ఐదారు వారాలు కావాలి. ఆ తరువాత కూడా పూలు మిగిలి ఉంటేనే అది బతుకుతుంది. ఐరోపాలో ఆ తరువాత వచ్చే గడ్డుకాలం చలికాలం. పశ్చిమ ప్రకాశంలో అది వేప, కానుగ పూత ముగిసిన తరువాత వచ్చే ఎండాకాలం. పందొమ్మిదో శతాబ్దంలో కదిలే చట్రం రావడంతో బలహీన గుంపులను చంపక తప్పని స్థితి పోయింది. ఆ సాధనాన్ని ఇక్కడి ఈగకు తగినట్టు మార్చినప్పుడే దక్షిణాదిలో పెంపకం నిలిచింది. చెంచుల తేనె సేకరణను అర్థం చేసుకోవాలంటే వారి జ్ఞానాన్నీ వారి హక్కులనూ కలిపి చూడాలి. ప్రతి సలహా వెనుక అది పుట్టిన నేల, వాన, పూత ఉంటాయి. సలహాను స్వీకరించే ముందు వాటిని అడిగి తెలుసుకోవడం చరిత్ర విద్యార్థి పని, పెంపకందారు పని కూడా.

11. మీ ప్రగతిని పరిశీలించుకోండి

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. తొలి గుంపుకూ మలి గుంపుకూ గల తేడా ఏమిటి?
2. గడ్డి బుట్టల కాలంలో తేలికైన పట్లను ఎందుకు చంపేవారు?
3. పుట్ట తేనెటీగ గూడు వదిలిపోవడాన్ని లోపంగా చూడటం ఎందుకు సరికాదు?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ముప్పై వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. దక్షిణ భారతదేశంలో తేనెటీగల పెంపకం 1911 నుండి 1962 వరకు సాగిన తీరును వివరించండి.
2. నల్లమల తేనెకు సంబంధించి అటవీ శాఖ పత్రాలు, మానవశాస్త్ర గ్రంథాలు ఏమి చెబుతాయి, ఏమి చెప్పవు? చర్చించండి.

ఇ) అభ్యాసం
మీ ఊరిలో పన్నెండు నెలలలో ఏ చెట్టు, ఏ పైరు ఎప్పుడు పూస్తుందో పెద్దలను అడిగి ఒక పట్టిక తయారు చేయండి. అందులో వరుసగా ఆరు వారాలు పూలు తక్కువగా ఉండే కాలాన్ని గుర్తించండి. మీ ఊరి ఈగలకు అదే గడ్డుకాలం.